జవాబు వచ్చేదాకా

ఆ డిసెంబరంతా వానే. సింగపూర్‌లో, టోవా పాయోలో మేముండే ఫ్లాట్ పదో అంతస్తులో ఉన్నా, జల్లు వంటింటి కిటికీలోంచి లోపలికి కొట్టేది. వెదురుకర్రకు ఆరేసిన నా యూనిఫారం ఎంతకీ ఆరేది కాదు. రామలక్ష్మి ఆంటీ దాన్ని తీసి ఇస్త్రీపెట్టె వేడితో ఆరబెట్టేది. "నర్సమ్మ బట్ట నలిగుంటే పేషెంటు మాట వినడు. మా ఎస్టేట్‌లో నాను చూసినాను," అనేది. నేను వాళ్ళింట్లో ఒక చిన్న గదికి అద్దె ఇచ్చి ఉంటున్నదాన్ని. అద్దె అన్న మాట ఎత్తితే ఆంటీకి కోపం వచ్చేది.

ఆంటీ, జగన్నాథం అంకుల్ ఇద్దరూ మలేషియాలో కొబ్బరి ఎస్టేట్లో పుట్టిన తెలుగువాళ్ళు. పెళ్ళయ్యాక పని వెతుక్కుంటూ సింగపూర్ వచ్చి ఇక్కడే ఉండిపోయారు. వాళ్ళ తాతలది మా శ్రీకాకుళం వైపే. అందుకేనేమో, వాళ్ళ తెలుగులో మా నాయనమ్మ మాటలు వినిపించేవి. మధ్యమధ్యలో అరవం, మలాయ్. "ఏటే గుంటా, మకాన్ అయిందా?" అని అంకుల్ అడిగితే, అన్నం తిన్నావా అని అర్థం.

అంకుల్ స్కూలు వ్యాను నడిపేవారు. బిషాన్‌లో చిన్నపిల్లల్ని పొద్దున బడిలో దింపి, మధ్యాహ్నం ఇళ్ళకు చేర్చడం ఆయన పని. ఏడాదిగా ఆంటీ కూడా ఆయన పక్క సీట్లో కూచుని వెళ్తోంది. పిల్లల్ని ఎక్కించడానికి, దించడానికి ఒక ఆడమనిషి ఉంటే తల్లులకు ధైర్యమట. వాళ్ళ కూతురు శాంతిని రాఫెల్స్ ప్లేస్‌లో బ్యాంకు ఉద్యోగి. చీకటితో వెళ్ళి చీకటి పడ్డాక వచ్చేది. ఇంట్లో ఆమె గొంతుకన్నా చెప్పుల చప్పుడే ఎక్కువ వినపడేది.

అప్పుడు నాది నర్సింగ్ ఆఖరి సంవత్సరం, ఆఖరి వార్డు శిక్షణ. నాలుగు మంచాల వైపు ఒకరు, ఆరు మంచాల వైపు ఇంకొకరు, ఇలా విద్యార్థులం పని పంచుకుంటాం. వంతులవారీగా మాలో ఒకరం లీడరుగా ఉండాలి. ఎవరు ఏ పేషెంటును చూడాలో చెప్పాలి, వాళ్ళ దగ్గర వివరాలు విని పై నర్సుకు అప్పజెప్పాలి, తప్పు కనిపిస్తే అక్కడే ఆపాలి. నా మొదటి వంతులో నేను అందరి పనీ నేనే చేసేశాను. పక్కగుడ్డలు మార్చాను, ఒళ్ళు తుడిచాను, బీపీలు చూశాను. నోరు మాత్రం విప్పలేదు.

మాకు నేర్పే లత మేడమ్ నన్ను పక్కకు పిలిచింది. "ప్రసన్నా, నీ చేతులు బంగారం. నోరు ఎక్కడ వదిలేసి వచ్చావు?" అని ఇంగ్లీషులో అడిగింది. "నిన్ను ఫెయిల్ చేశాను. ఇంకొక్క వంతు ఉంది. అదీ పోతే ఈ శిక్షణంతా మొదటినుంచి. నీ బ్యాచ్ వాళ్ళు ఉద్యోగంలో చేరతారు, నువ్వు చేరవు."

ఆ సంగతి అంకుల్‌కు చెప్పాను. స్కూళ్ళకు సెలవులు కాబట్టి ఆయన ఇంట్లోనే ఉన్నారు.

"మా ఊరి బళ్ళో నేను క్లాసు లీడర్నే అంకుల్. మాస్టారు లేనప్పుడు మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాసేదాన్ని."

"మరి నోరు మూసుకునేవారా?"

"లేదు. వచ్చి నా పేరు కూడా రాసేసేవారు."

అంకుల్ దగ్గొచ్చేదాకా నవ్వారు. తర్వాత సోఫాలో సర్దుకుని కూచున్నారు. "చూడు గుంటా. నా బండినిండా కోతులు. బెల్టు పెట్టుకున్నావా అని అడుగుతాను. అడిగి ఊరుకుంటాను. అద్దంలోంచి చూస్తూ ఊరుకుంటాను. వాడు 'ఎస్ అంకుల్' అన్నదాకా బండి కదలదు. మధ్యలో మనమే 'పెట్టుకునుంటావులే' అన్నామా, అయిపోయింది. అడగడం ఎవరైనా అడుగుతారు. జవాబు వచ్చేదాకా ఊరుకోవడమే కష్టం."

నన్ను గుమ్మం దగ్గర నిలబెట్టి, తను అల్లరిపిల్లవాడిలా కాళ్ళు ఊపుతూ కూచున్నారు.

"బెల్టు పెట్టుకున్నావా?" అన్నాను.

"వినపళ్ళేదు."

"బెల్టు పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నాడమ్మా!" అంది ఆంటీ వంటింట్లోంచి.

"చూశావా? ఇలాంటి తల్లులే పిల్లల్ని పాడుచేసేది," అన్నారు అంకుల్.

ముగ్గురం నవ్వుకున్నాం. నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాను గాని, చూస్తూ ఉంటాను. బళ్ళకు సెలవులిచ్చే ముందు ఒక రోజు నేనూ వ్యానులో వెళ్ళాను. బిషాన్‌లో ఒక కూడలి దగ్గర బండి నెమ్మదించింది. ఆంటీ ఏమీ అనలేదు. ఒళ్ళో ఉన్న ఎడమచెయ్యి కొంచెం లేచింది, అంతే. అంకుల్ ఎడమకు తిప్పారు. తర్వాతి మలుపులో కుడిచెయ్యి. మొగుడూపెళ్ళాల మధ్య అలవాటై పోయిన సైగలనుకున్నాను. ఇంకోలా అనుకోవడం నాకు మర్యాదగా తోచలేదు.

క్రిస్మస్ ముందు అంకుల్‌కు కాలు వాచింది. వ్యాను తలుపు గీసుకున్న చిన్న గాయం, పైగా షుగరు. మోకాలిదాకా ఎర్రగా ఎక్కింది. ఆసుపత్రిలో చేర్చారు. మా వార్డులోనే, నా రెండో వంతు మొదలైన రోజునే.

తెలిసినవాళ్ళని లత మేడమ్‌కు చెప్పాను. "ఆయన కట్టు, స్నానం నవనీత్ చూస్తాడు. నువ్వు లీడరువి, అందరితోపాటే ఆయనా," అంది. నవనీత్ మలేషియాలోని జొహోర్ నుంచి వచ్చిన కుర్రాడు, నా తోటి విద్యార్థి. ఎవరినైనా నవ్వించకుండా ఒక గ్లాసు నీళ్ళు కూడా ఇవ్వలేడు.

ఆంటీ పొద్దున్నే టిఫిన్ డబ్బాతో వచ్చేది. మంచం పక్కనున్న కుర్చీ మీద, తిండికొట్లుండే హాకర్ సెంటర్లో బల్ల మీద పెట్టినట్టే, టిష్యూ ప్యాకెట్ పెట్టి, ఈ చోటు నాదని చోప్ చేసేది. పక్క మంచం చైనీస్ తాతకు కూడా ఇడ్లీ పెట్టేది. వార్డంతా ఆమెను ఇష్టపడింది. ఎవరేం అడిగినా ఆమే చెప్పేది. పుట్టినతేదీ, పడని మందులు, రాత్రి నిద్ర, నొప్పి పదిలో ఎంత. ఒక్క మొగుడి పేరు మాత్రం నోటితో అనదు. ఆ తరంలో మా ఊళ్ళోనూ అంతే. "మీ పేరేంటి?" అని అడగ్గానే ఆమె ఆయనవైపు చూసేది. అంకుల్ ఛాతీ విరుచుకుని, "జగన్నాథం సన్ ఆఫ్ సాంబమూర్తి!" అని చివరి మంచానికి వినిపించేలా చెప్పేవారు. మిగతాదంతా ఆంటీ.

"అంకుల్‌కు సెక్రటరీ ఉంది లా," అనేవాడు నవనీత్, ఇక్కడి అలవాటు ప్రకారం మాట చివర 'లా' తగిలించి.

"జీతం లేని సెక్రటరీ," అనేది ఆంటీ.

అంకుల్ నన్ను చూసినప్పుడల్లా, "ఏటమ్మా మేనేజరూ, మీ హోటల్లో బాత్రూమ్ ఎటు?" అని అడిగేవారు. మొదటిసారి నవ్వాను. తర్వాత చెయ్యెత్తి చూపించాను. ఆ తర్వాత ఊరికే చూస్తూ ఉన్నాను.

వాపు తగ్గింది. డాక్టరు ఇంటికి పంపిస్తానన్నాడు. "డ్రైవింగ్?" అని ఆంటీయే అడిగింది. కాలు నొప్పి లేకపోతే చెయ్యొచ్చన్నాడు.

"స్కూళ్ళు తెరిచేటప్పటికి బండి రోడ్డెక్కిపోవాలి," అంది ఆంటీ నాతో. "లేకపోతే తల్లులు వేరే వ్యాను చూసుకుంటారు. ఆ తర్వాత ఆయన ఏటి చేస్తారు? ఆ పిల్లలే ఆయన ప్రాణం."

పంపించేముందు ఒక పద్ధతి ఉంది. మందుల సంగతి మేము చెప్పడమే కాదు, పేషెంటు తిరిగి మాకు చెప్పాలి. బంధువు చెప్తే సరిపోదు. ఆ రోజు ఆ పని లీడరుగా నేను చెయ్యాలి, లత మేడమ్ నిలబడి చూస్తుంది, మార్కు వేస్తుంది. ఆమె కోసం అంతా ఇంగ్లీషులోనే జరగాలి.

నేను మాత్రలు చూపించి చెప్పాను. "అంకుల్, ఇంటికెళ్ళాక వీటిని ఎలా వేసుకోవాలి? మీరు చెప్పండి."

"మార్నింగ్ వన్, నైట్ వన్, ఆఫ్టర్ ఫుడ్," అంది ఆంటీ.

లత మేడమ్ చేతిలోని కలం ఆగింది. "లీడర్, నీ పేషెంటు ఎవరు?"

పొద్దున ఆంటీ ఇస్త్రీ చేసిన యూనిఫారం నా ఒంటి మీద ఉంది. ఆమె పెట్టిన ఉప్మా నా కడుపులో ఉంది.

"ఆంటీ, మీరు చెప్పకండి," అన్నాను. "అంకుల్ చెప్పాలి."

అంత గట్టిగా నేనెప్పుడూ మాట్లాడలేదు. చివరి మంచం ముసలాయన పేపరు దించి చూశాడు. ఆంటీ నోరు సగం తెరిచే ఉండిపోయింది.

"నా వైఫ్ చెప్పిందే నా మాట," అన్నారు అంకుల్. "పెళ్ళైనప్పటినుంచీ ఇదే రూలు లా."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఊరుకున్నాను.

అంకుల్ మాత్రల పొట్లం అటూ ఇటూ తిప్పారు. "పొద్దున..." అన్నారు. ఆంటీవైపు చూశారు. ఆంటీ టిఫిన్ డబ్బా మూతవైపు చూస్తోంది. "పొద్దున..." అని మళ్ళీ అని, నావైపు చూసి నవ్వారు. ఆ నవ్వులో పరిహాసం లేదు. తనను వదిలెయ్యమని నన్ను అడుగుతోంది.

వదిలెయ్యొచ్చు. 'పరవాలేదు అంకుల్, మార్నింగ్ ఒకటి కదా' అంటే సరిపోయేది. కానీ అలా అంటే నా వంతు పోయేది. అది ఒక్కటే కారణమా? ఆ కూడలి, ఆంటీ ఒళ్ళోంచి లేచిన చెయ్యి, వెనక సీట్లలో ఆ పిల్లల తలలు, అవి కూడా నా కళ్ళముందు ఉన్నాయి. ఏది ముందు, ఏది వెనక అని ఇప్పటికీ తేల్చుకోలేను.

"అంకుల్, ఇప్పుడు మనం ఎక్కడున్నాం?" అని అడిగాను.

ఆయన కిటికీవైపు చూశారు. బయట వాన. చాలాసేపు చూశారు. నేను ఊరుకునే ఉన్నాను.

"ఎస్టేట్ ఆసుపత్రి కదా," అన్నారు. "కట్టు కట్టే డ్రెస్సర్ ఇంకా రాలేదు. వాన కదా."

నవనీత్ పకాలున నవ్వాడు. అదీ ఇంకో పరిహాసమనుకున్నాడు. వాణ్ని చూసి పక్క మంచం తాత నవ్వాడు. వాళ్ళు నవ్వడం చూసి అంకుల్ కూడా, తను బాగా నవ్వించాననుకుని, నవ్వారు. ఆంటీ డబ్బా మూత పెట్టి గట్టిగా నొక్కింది.

లత మేడమ్ వచ్చి మంచం చుట్టూ తెర లాగింది.

ఆ రోజు అంకుల్‌ను ఇంటికి పంపలేదు. డాక్టర్లు వచ్చారు, ఇంకా ప్రశ్నలు అడిగారు. ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు పెద్దవాళ్ళకు ఇలా తికమక రావడం ఉంటుంది, తగ్గాక మళ్ళీ చూద్దామన్నారు. అంతవరకు బండి ముట్టుకోకూడదన్నారు.

మధ్యాహ్నం లత మేడమ్ నా కాగితం మీద సంతకం పెట్టింది. "ఇవాళ నీ గొంతు వినిపించింది. పెద్దవాళ్ళని ఆపి అడిగావు, తొందరపడకుండా ఆగావు. నేను ఎదురుచూసింది ఇదే."

థాంక్యూ మేడమ్ అనాలి. అన్నాననుకుంటాను. నాకు గుర్తున్నది ఆమె సంతకం కాదు. ఆమె భుజం మీదుగా కనిపిస్తున్న మూసిన తెర, దాని కింద ఆంటీ పాదాలు. ఆ పాదాలు మంచానికి చాలా దగ్గరగా ఉన్నాయి.

నవనీత్ క్యాంటీన్ నుంచి నాకు కోపీ తెచ్చాడు. ఆ చిక్కటి కాఫీ నాకు ఇష్టమని వాడికి తెలుసు. "నేను నవ్వాను," అన్నాడు. "నాకు తెలీదు ప్రసన్నా. నిజంగా తెలీదు."

"నాకు తెలుసు," అన్నాను. ఏం తెలుసని వాడు అడగలేదు.

శాంతిని ఆఫీసునుంచి నేరుగా వచ్చింది. లిఫ్టు దగ్గర నన్ను పట్టుకుంది. ఆమె నాతో ఎప్పుడూ ఇంగ్లీషే మాట్లాడుతుంది, ఆ రోజు తెలుగులో అంది. "నువ్వు రోజూ చూస్తున్నావు. మా ఇంట్లో తింటూ చూస్తున్నావు. నాకు ఒక్క మాట ఇంట్లో చెప్పొచ్చు కదా? అక్కడ, అందరి ముందా?"

"నాకు సరిగ్గా తెలీదక్కా."

"తెలీకపోతే ఎందుకడిగావు?"

ఆమె కూడా నా జవాబు కోసం ఎదురుచూసింది. తర్వాత ముఖం పక్కకు తిప్పుకుంది. "నేనూ చూడలేదు. సేమ్ హౌస్‌లో ఉంటూ. నిన్నంటే ఏం లాభం," అని లిఫ్టెక్కింది.

ఆ ఇంట్లో ఇంక ఉండకూడదనుకున్నాను. ఆ రాత్రి ఇంటికెళ్ళి బట్టలు సర్దుతుంటే ఆంటీ వచ్చి, తడిగా ఉన్న యూనిఫారం నా చేతిలోంచి తీసుకుంది. ఇస్త్రీపెట్టె పెట్టింది. ఆవిరి లేస్తుంటే, నావైపు చూడకుండా మొదలుపెట్టింది.

"ఒకసారి ఒక పిల్లని వేరే బ్లాక్ దగ్గర దింపీసారు. పోయినేడు. దాని అదృష్టం, అక్కడ దాని అత్త ఉంది. ఆ మర్నాటినుంచి నానూ బండెక్కినాను. నా కళ్ళుంటే చాలనుకున్నాను."

"ఆంటీ..."

"ఊరుకో. చెప్పనీ. రోజూ బండి దిగాక దేవుడి గూడు దగ్గర నిలబడి, ఇంకొక్క రోజు, ఇంకొక్క రోజు అనుకునేదాన్ని. పరాయి వాళ్ళ పిల్లలు. నన్ను చూసి ధైర్యమని ఎక్కించే తల్లులు. వాళ్ళ మొహం చూసి నవ్వేదాన్ని." కాలరు మీద ఇస్త్రీపెట్టె ఆపేసింది, మాడుతుందేమోనని నేను భయపడ్డాను. "నువ్వు నన్ను ఆపితే నాకు కోపం రాలేదమ్మా. ఎక్కడున్నామని నువ్వు ఆయన్ని అడిగినప్పుడు చెప్పీవచ్చు గదా నాను, ఆ మాట ఎంతసేపు? నీ గొంతు విన్నాక నోరు రాలేదు. అదే సిగ్గు."

ఆమె సిగ్గుపడుతుంటే నా సిగ్గు ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. సగం సర్దిన పెట్టె అలాగే మంచం కిందకు తోశాను.

కాలు నయమైంది. తికమక మాత్రం పోలేదు. అంకుల్ ఇంటికొచ్చాక కొన్ని పరీక్షలు చేశారు. ఇది ఇన్‌ఫెక్షన్ వల్ల వచ్చింది కాదు, ముందునుంచే మెల్లగా ఉన్నదేనన్నారు. శాంతిని సెలవు పెట్టి తల్లులందరికీ తనే ఫోన్లు చేసింది. ఉడ్‌ల్యాండ్స్ నుంచి గణపతి అనే వేరే డ్రైవరు వచ్చి వ్యాను తీసుకెళ్ళాడు. అంకుల్ అప్పుడు నిద్రపోతున్నారు. కావాలనే ఆ సమయానికి రమ్మన్నారు.

స్కూళ్ళు తెరిచిన రోజు వాన కొంచెం తెరిపి ఇచ్చింది. నేను డ్యూటీకి బయల్దేరుతున్నాను. అంకుల్ తెల్లచొక్కా, నల్ల ప్యాంటు వేసుకుని, తల దువ్వుకుని గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటున్నారు. ఆంటీ వంటింటి గుమ్మంలో నిలబడింది. నావైపు చూసి తల అడ్డంగా ఊపింది. తనవల్ల కాదని. తర్వాత చేత్తో సైగ చేసింది, నువ్వు చెప్పమని.

నేను వెళ్ళి ఆయన ఎదురుగా నిలబడ్డాను. వార్డులో వచ్చిన ఆ గొంతు మళ్ళీ రావాలని, రాకూడదని, రెండూ అనిపించింది.

"అంకుల్, ఇవాళ్టినుంచి మీరు బండి నడపడం లేదు," అన్నాను. "పిల్లల్ని వేరేవాళ్ళు తీసుకెళ్తున్నారు. డాక్టరు వద్దన్నారు."

నేను ఒక్కసారే చెప్పాను. ఆగాను. ఆంటీ లోపలికి వెళ్ళిపోయింది, వినలేక.

ఆయన కాదనలేదు. ఎందుకని అడగలేదు. వేసుకున్న బూటు విప్పి, రెండోదాని పక్కన సరిగ్గా పెట్టారు. గుమ్మం పక్కనున్న బల్లమీద కూచుని, వంటింటివైపు ఒకసారి చూసి, నన్ను దగ్గరకు రమ్మన్నట్టు వేలు ఆడించారు. వంగాను.

"మంచిదైంది గుంటా," అన్నారు మెల్లగా. "నాకు చాన్నాళ్ళుగా భయంగా ఉంది. రోడ్లన్నీ ఒకేలా కనపడతాయి. మీ ఆంటీ పక్కనుండబట్టి ఎలాగో తోలుకొచ్చాను." గొంతు ఇంకా తగ్గించారు. "ఈ సంగతి ఆమెకు చెప్పకు. ఆమెకేటీ తెలీదు. తెలిస్తే బెంగెట్టుకుంటాది."

ఆ ఫ్లాట్‌లో వంటింటికి, గుమ్మానికి మధ్య ఎంత దూరమని. ఆంటీ గోడవారనే నిలబడుంది, చీర అంచు కనిపిస్తూనే ఉంది.

"చెప్పను అంకుల్," అన్నాను. తల ఎత్తలేకపోయాను.

చీర అంచు కదిలింది. తర్వాత కుళాయి తిప్పిన చప్పుడు, కడిగి బోర్లించిన గిన్నెల్నే మళ్ళీ గట్టిగా కడుగుతున్న చప్పుడు.

"చూశావా," అన్నారు అంకుల్ తృప్తిగా. "ఏటీ వినపడలేదు."